హిట్టయింది సరే, ఎవరికి?

పోయిన ఎపిసోడ్‌లో ఫోన్‌లో మాట్లాడిన సూపర్‌వైజర్‌ని నేనే. పెద్ద బడ్జెట్ సినిమా హిట్టా ఫ్లాపా అని ఎట్లా తేలుస్తారు అన్న మాట దగ్గరికి వచ్చేసరికి నా బ్రేక్ టైం అయిపోయింది, ఫోన్ పెట్టేయాల్సి వచ్చింది. మిగతాది రాసి పంపమని తమ్ముళ్ళు అడిగారు. నేను చదివింది ఐటీఐ, సివిల్ డ్రాఫ్ట్స్‌మన్. రాతలో తప్పులుంటే సర్దుకోండి. లెక్కలో తప్పులుంటే మాత్రం చెప్పండి. ఎందుకంటే ఇది నాకు సరదా లెక్క కాదు. ఎందుకు కాదో మధ్యలో చెప్తాను.

2019 సెప్టెంబర్ మొదటి వారం. దుబాయ్‌లో ఎండాకాలం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడు వరకు ఎండలో పని బంద్ అని మీకు తెలుసు. ఆ టైంలో రెస్ట్ షెడ్డులో కూలర్ ముందు ‘సాహో’ మీద గొడవ మొదలైంది. సినిమా ఆగస్టు 30న రిలీజైంది. భీమవరం వైపు నుంచి వచ్చిన స్టీల్ ఫిక్సర్ తమ్ముడు ప్రభాస్‌కి వీరాభిమాని. అయినా మొహం వేలాడేసుకుని, "ఏం హిట్టండీ బాబూ, మా వైపు కొన్నోళ్ళు మునిగిపోయారంట" అన్నాడు. పక్కనే గోరఖ్‌పూర్ మేస్త్రీ ఒకాయన, "క్యా బోల్తా హై భాయ్, పిక్చర్ తో హిట్ హై" అని ఫోన్‌లో అంకెలు తీసి చూపించాడు. మాటా మాటా పెరిగింది. టిఫిన్ డబ్బాలు పక్కకు పెట్టి లేచి నిలబడ్డారు. ఆఖరికి నా దగ్గరికి వచ్చారు, సైట్‌లో లెవల్ తేడా వస్తే వచ్చినట్టు.

ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. ఆ సినిమాకు 350 కోట్ల దాకా ఖర్చయిందని అప్పుడు పేపర్లన్నీ రాశాయి. హిందీలో నెట్ వసూలే 140 కోట్లు దాటింది. అక్కడ తీసుకున్న రేటుకు అది మంచి రాబడి. మన రెండు రాష్ట్రాల్లో మాత్రం, బాహుబలి తర్వాత వస్తున్న ప్రభాస్ సినిమా అని హక్కులు ఆకాశమంత రేటుకు పోయాయి. జనం రాలేదా అంటే వచ్చారు, మొదటి మూడు రోజులు హాళ్ళు నిండాయి. అయినా కొన్నవాళ్ళు పెట్టింది పూర్తిగా వెనక్కి రాలేదు. అదే సినిమా, అదే హీరో, అవే ఫైట్లు. గోరఖ్‌పూర్‌లో హిట్టు, భీమవరంలో ఫ్లాపు. ఆ రోజు షెడ్డులో నేను చెప్పింది ఒకటే మాట: "హిట్టయిందా అని అడగకుర్రి. ఎవరికి అయిందో అడుగుర్రి."

ఇద్దరికీ నచ్చలేదు. పంచాయితీ చెప్పేవాడు ఇద్దరినీ గెలిపిస్తే ఎవరికీ నచ్చదు.

ఇప్పుడు పాత కథకు వస్తాను. మా బాపు తరం వాళ్ళు కోట్ల లెక్క చెప్పరు, రోజుల లెక్క చెప్తారు. యాభై రోజులు, వంద రోజులు, ఇరవై ఐదు వారాలు. దానికి కారణం ఉంది. అప్పట్లో ఒక సినిమాకు ప్రింట్లు తక్కువ. ముందు విజయవాడ, హైదరాబాద్ లాంటి ఏ సెంటర్లలో ఆడి, అక్కడ జనం తగ్గాక ఆ ప్రింట్లే చిన్న పట్నాలకు, తర్వాత మా లాంటి సీ సెంటర్లకు వచ్చేవి. మా ఊరికి బాక్సు వచ్చేసరికి రీలు మీద వానపడ్డట్టు గీతలుండేవి. టికెట్ రేటు సర్కారు చేతిలో ఉండేది కాబట్టి నాలుగు రోజుల్లో రేటు పెంచి డబ్బులు పిండుకునే దారి లేదు. డబ్బు రావాలంటే సినిమా ఎక్కువ రోజులు ఆడాలి. కాబట్టి రోజులు లెక్కపెడితే డబ్బు లెక్కపెట్టినట్టే. ఆ కొలత తప్పు కాదు, ఆ కాలానికి అదే టేపు.

దీనికి నాకు నచ్చిన ఉదాహరణ ‘లవకుశ’. తెలుగులో మొదటి పూర్తి రంగుల సినిమా. సి. పుల్లయ్య గారు మొదలుపెట్టారు. నిర్మాత శంకర రెడ్డి గారికి డబ్బు సర్దుబాటు కాక మధ్యలో ఆగిపోయింది. ఏళ్ళు గడిచాయి. పుల్లయ్య గారి ఆరోగ్యం సహకరించక కొడుకు సి.ఎస్. రావు గారు పూర్తి చేశారు. చివరికి 1963 మార్చి 29న రిలీజైంది. తర్వాత జరిగింది మీ ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి, ఎడ్లబండ్లు కట్టుకుని పోయిన కథ చెప్తారు. కోటి రూపాయలు వసూలు చేసిన తొలి తెలుగు సినిమా అని ఇప్పటికీ అంటారు. కానీ సగంలో ఆగిన సినిమాకు తెచ్చిన అప్పు మీద వడ్డీ ఆగదు కదా. సైట్ ఆగిపోయినా క్రేన్ అద్దె నడుస్తూనే ఉంటుంది, అది మనకు బాగా తెలుసు. ఆ కోటిలో వడ్డీకి ఎంత పోయిందో ఏ పోస్టర్ మీదా రాయలేదు.

అదే 1963లో అమెరికాలో ‘క్లియోపాత్రా’ వచ్చింది. ఆ ఏడాది అక్కడ అన్నిటికంటే ఎక్కువ వసూలు చేసిన సినిమా అదే. అయినా తీసిన ట్వెంటియత్ సెంచురీ ఫాక్స్ కంపెనీ దివాలా అంచుదాకా పోయింది. ఖర్చు నాలుగు కోట్ల డాలర్లు దాటింది మరి. మూడేళ్ళ తర్వాత, 1966లో, ఏబీసీ టీవీకి 50 లక్షల డాలర్లకు హక్కులు అమ్మాక గానీ లెక్క సరి కాలేదు. నంబర్ వన్ సినిమా, నష్టాల్లో కంపెనీ. బడ్జెట్ పెరిగే కొద్దీ ఈ రెండూ ఒకే చోట కూర్చోవడం మామూలైపోతుంది. చిన్న సినిమాకు జనం వస్తే డబ్బు వచ్చినట్టే. పెద్ద సినిమాకు జనం రావడం వేరు, డబ్బు మిగలడం వేరు.

ఇక మా ఇంటి సంగతి. ఊరి పేరు, సినిమా పేరు, హీరో పేరు చెప్పను. ఉమ్మడి కరీంనగర్ జిల్లా అని మాత్రం చెప్తాను.

మా మేనమామకు మండల కేంద్రంలో ఒక టాకీసులో వాటా ఉండేది. ఆరు వందల సీట్లు. ముందు నేల, తర్వాత బెంచీలు, వెనుక కుర్చీలు, పైన చిన్న బాల్కనీ. 1997లో ఒక పెద్ద హీరో పెద్ద సినిమా వస్తోంది. అప్పటిదాకా మా ఊరికి రిలీజ్ రోజున కొత్త సినిమా ఏదీ రాలేదు. మామకు ఒక్కటే పట్టుదల, జిల్లా కేంద్రంలో ఆడే రోజే మన దగ్గరా ఆడాలి అని. డిస్ట్రిబ్యూటర్ మనుషులు ఫిక్స్‌డ్ హైర్ అడిగారు. అంటే సినిమా ఆడినా ఆడకపోయినా ఇంత అని ముందే కట్టాలి. మామ మూడు లక్షల ఇరవై వేలు కట్టాడు. అందులో రెండు లక్షలు అప్పు, నూటికి మూడు రూపాయల వడ్డీ. ఆ కాగితం మీద మా బాపు జమానతు సంతకం పెట్టాడు. బావ మీద నమ్మకం, కొంత సినిమా మీద నమ్మకం.

మొదటి వారం పండుగే. పక్క ఊళ్ళ నుంచి ట్రాక్టర్లు వచ్చాయి. నాకు పద్దెనిమిదేళ్ళు, ఐటీఐ చదువుతున్నాను. సాయంత్రం పూట టాకీసులో టికెట్లు చింపేవాణ్ణి, రాత్రి పూట లై ఉడికించి పోస్టర్లు అంటించేవాణ్ణి. రెండో వారం సగం హాలు. మూడో వారం నుంచి మార్నింగ్ షో తీసేశాం. మామూలుగా అయితే అక్కడే వేరే సినిమా మార్చాలి. కానీ డిస్ట్రిబ్యూటర్ ఆఫీసు నుంచి మాట వచ్చింది. యాభై రోజులు ఆడిస్తే తర్వాతి పెద్ద సినిమా నీకే ఇస్తాం అని. అభిమాన సంఘం పిల్లలు వచ్చి మామ కాళ్ళు పట్టుకున్నంత పని చేశారు, "పక్క తాలూకాల ఆడుతున్నది, మన దగ్గర తీసేస్తే ఇజ్జత్ పోతది" అని. మామ ఒప్పుకున్నాడు.

యాభయ్యో రోజు పోస్టర్ అంటించింది నేనే. బస్టాండు గోడ మీద, పంచాయతీ ఆఫీసు ఎదురుగా, పెద్ద పోస్టర్, విజయవంతమైన 50వ రోజు అని. ఆ రోజు డీసీఆర్, అంటే రోజువారీ వసూళ్ళ కాగితం, మామ బుక్కులో ఇప్పటికీ ఉంది. మ్యాట్నీకి 38 టికెట్లు. ఫస్ట్ షోకి 212, అందులో ఎక్కువ అభిమాన సంఘం చందాలతో కొన్నవి. సెకండ్ షోకి 27. ఆ 27 మందిలో ఇద్దరు కరెంట్ పోయినప్పుడు ఇంటికి వెళ్ళిపోయారని మామ పెన్సిల్‌తో రాసుకున్నాడు. ఎందుకు రాసుకున్నాడో తెలియదు.

మొత్తం కలిపి పన్ను, కరెంటు, జీతాలు పోగా చేతికి వచ్చింది లక్షా తొంభై వేలు. ఇప్పుడు చూడండి. సినిమా తీసినాయనకు లాభం. నైజాం హక్కులు కొన్న డిస్ట్రిబ్యూటర్‌కు లాభం, ఎందుకంటే మా మామ లాంటి వాళ్ళ దగ్గర ముందే తీసుకున్నాడు. ఆ హీరో అభిమానుల లిస్టుల్లో అది ఇప్పటికీ హిట్టు సినిమా. యాభై రోజుల సెంటర్ల పేర్లలో మా ఊరి పేరు ఉంటుంది. మామకు లక్షా ముప్పై వేల నష్టం, దాని మీద వడ్డీ. తర్వాతి పెద్ద సినిమా ఇస్తామన్న మాట మాటగానే మిగిలింది. ఎకరం భూమి పోయింది. మిగిలిన అప్పు జమానతు పెట్టిన బాపు మీద పడింది. 2001లో నేను దుబాయ్ విమానం ఎక్కడానికి కారణాలు రెండు మూడు ఉన్నాయి, వాటిలో ఇది మొదటిది. ఏజెంటుకు కట్టడానికి ఇంకో అప్పు చేసి ఈ అప్పు తీర్చడానికి వచ్చాను. 2006లో తీరింది.

అందుకే రోజుల లెక్క ఎక్కడ చెడిపోయిందో నేను పుస్తకం చదివి తెలుసుకోలేదు. కొలత మీద పందెం మొదలైతే కొలత పాడవుతుంది. రోజుకు ఒక్క ఆటతో లాగడం, ఒక హాల్ నుంచి చిన్న హాల్‌కు షిఫ్టు చేసి రోజులు కలుపుకోవడం, అభిమానులే టికెట్లు కొనడం, ఇవన్నీ అందరూ చేశారు. ఏ ఒక్క హీరో పేరో చెప్పి తిట్టుకోవడం దండగ.

ఇంకో సంగతి. పాత సినిమాల గ్రాస్ ఇంత అని కచ్చితంగా చెప్పేవాళ్ళను నేను నమ్మను. మన దగ్గర చిన్న ఊళ్ళ హాళ్ళకు టికెట్ల లెక్కతో పని లేకుండా సీట్లను బట్టి వారానికి ఇంత అని కట్టే పన్ను పద్ధతి చాలా కాలం నడిచింది. సర్కారుకే టికెట్ల లెక్క అక్కరలేనప్పుడు ఇంకెవరు రాసి పెడతారు? రాసుకున్నది హాల్ యజమాని, అదీ తన కోసం. డిస్ట్రిబ్యూటర్ తరఫున రిప్రజెంటేటివ్ అని ఒకాయన వచ్చి కూర్చునేవాడు టికెట్లు లెక్కపెట్టడానికి. ఆయనకు భోజనం, సిగరెట్లు బాగా అందితే లెక్క కూడా కొంచెం మెత్తబడేదని అంటారు.

సినిమా వాళ్ళ మ్యాపు ఎప్పుడైనా చూశారా? అందులో నిజాం ఇంకా ఉన్నాడు. మా తెలంగాణను వాళ్ళు ఇప్పటికీ ‘నైజాం’ అంటారు. రాయలసీమను ‘సీడెడ్’ అంటారు. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదిలేసుకున్న జిల్లాలు కాబట్టి ఇంగ్లీషువాళ్ళు పెట్టిన పేరు అది. 1928లో నంద్యాల సభలో ఆ పేరు వద్దని రాయలసీమ అని పెట్టుకున్నారు. రాజ్యాలు పోయాయి, రాష్ట్రాలు రెండుసార్లు మారాయి, సినిమా హక్కుల కాగితం మీద మాత్రం 1800 నాటి గీతే ఉంది. మిగతా కోస్తాను ఉత్తరాంధ్ర, ఈస్ట్, వెస్ట్, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని ముక్కలు చేసి అమ్ముతారు. ఒక్కో ముక్కకు ఒక్కో రేటు, ఒక్కో కొనేవాడు. కాబట్టి ఒక సినిమా నైజాంలో హిట్టు, సీడెడ్‌లో ఫ్లాపు కావచ్చు. ఆ మ్యాపు చూస్తేనే ‘ఎవరికి’ అన్న ప్రశ్న ఎందుకు వస్తుందో అర్థమవుతుంది.

కొనే పద్ధతుల్లో కూడా తేడా ఉంది. ఔట్‌రైట్‌గా కొంటే లాభం నష్టం మొత్తం కొన్నవాడిదే. మినిమం గ్యారంటీ అంటే ఇంత తప్పకుండా ఇస్తాను, పైన వస్తే పంచుకుందాం అని. అడ్వాన్స్ మీద తీసుకుంటే రాని డబ్బు తిరిగి అడగొచ్చు, ఇస్తారా లేదా అన్నది వేరే సంగతి. కమిషన్ మీద అయితే డిస్ట్రిబ్యూటర్‌కు భయం లేదు, అంతా నిర్మాత నెత్తిమీదే. మన లేబర్ కాంట్రాక్టుల్లో లంప్‌సమ్, డే వర్క్ అని తేడా ఉన్నట్టే. లంప్‌సమ్ తీసుకుని మునిగిన సబ్‌కాంట్రాక్టర్లను మనం ఎంతమందిని చూడలేదు? పైన బిల్డింగ్ ఓపెనింగ్‌కు షేక్ వచ్చి ఫొటోలు దిగుతాడు, కింద ప్లాస్టరింగ్ వాడికి ఆర్నెల్ల డబ్బులు రావు.

ఇక గ్రాస్ పోస్టర్ల కాలం. 2000 తర్వాత శాటిలైట్ ద్వారా డిజిటల్‌లో సినిమా వేయడం మొదలయ్యాక ప్రింట్ల కొరత పోయింది. సినిమా ఒకేసారి అన్ని ఊళ్ళకూ వచ్చేస్తుంది. వంద రోజులు ఆడాల్సిన జనం పది రోజుల్లో చూసేస్తారు. కాబట్టి రోజులు పోయి కోట్లు వచ్చాయి. 1977 ఏప్రిల్ 28న ‘అడవి రాముడు’ రిలీజైంది, కొన్ని ఊళ్ళలో ఏడాది ఆడిందని చెప్పుకుంటారు. సరిగ్గా నలభై ఏళ్ళకు, 2017లో అదే ఏప్రిల్ 28న ‘బాహుబలి 2’ వచ్చింది. పది రోజుల్లో వెయ్యి కోట్ల గ్రాస్ దాటింది. ‘పోకిరి’ కూడా 2006లో ఏప్రిల్ 28నే వచ్చింది, అది వేరే కథ.

వెయ్యి కోట్లు అంటే ఎవరి జేబులో? ఒక టికెట్ 150 రూపాయలు అనుకోండి. అది గ్రాస్. అందులో 18 శాతం జీఎస్టీ కలిసి ఉంది, అది తీస్తే 127 మిగులుతుంది. అది నెట్. అందులోంచి హాల్‌వాడు తన వాటా లేదా అద్దె తీసుకుంటాడు. 2009లో హిందీ నిర్మాతలు, మల్టీప్లెక్సులు రెండు నెలలు కొట్లాడుకుని ఒప్పందానికి వచ్చినప్పుడు మొదటి వారం సగం, రెండో వారం 42.5 శాతం, తర్వాత ఇంకా తక్కువ నిర్మాత వైపుకు అని రాసుకున్నారు. సగం లెక్కన చూస్తే 63 రూపాయలు. దీన్నే షేర్ అంటారు. అందులో మళ్ళీ పబ్లిసిటీ ఖర్చు, డిజిటల్ చార్జీలు, కమిషన్. 150 అని పోస్టర్ వేస్తే చేతికి అరవై కూడా రాకపోవచ్చు. మనం ఊళ్ళో జీతం రెండు వేల దిర్హాములు అని చెప్పుకుంటాం కదా, అది గ్రాస్. మెస్సు, ఫోను, ఏజెంటు అప్పు మీద వడ్డీ పోగా ఇంటికి చేరేది షేర్. ఊళ్ళో పెళ్ళి సంబంధాల వాళ్ళు గ్రాసే అడుగుతారు.

వడ్డీ అన్నాను కాబట్టి చెప్తున్నా. 2023లో రానా ఒక వేదిక మీద బాహుబలి అప్పు గురించి మాట్లాడాడు. ఇల్లో ఆస్తో తాకట్టు పెట్టి 24 నుంచి 28 శాతం వడ్డీకి తెచ్చేవాళ్ళమని, ఆ సినిమాకు మూడు నాలుగు వందల కోట్లు అట్లా తెచ్చారని చెప్పాడు. 24 శాతం అంటే మన ఊరి భాషలో నూటికి రెండు రూపాయలు. మా మామ మూడు రూపాయలకు తెచ్చాడు, వాళ్ళు రెండు రూపాయలకు. తేడా అంతే. ఆ మాట విన్నాక బాహుబలి గుడారాలు, కోటలు చూస్తే నాకు గుండె దడ వచ్చింది. మొదటి భాగం 2015 జులై 10న ఇక్కడ రంజాన్ నెలలో రిలీజైనప్పుడు మేమంతా సెట్టింగులు చూసి నోరు తెరిచాం. ఎవరికీ వడ్డీ కనిపించలేదు.

గ్రాస్ కొలతకు ఇంకో లోపం ఉంది, టికెట్ రేటు. 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవో 35 ఇచ్చింది. పల్లెటూరి నాన్ ఏసీ హాల్‌లో తక్కువ క్లాసు ఐదు రూపాయలు. వచ్చే మార్చిలో కొత్త జీవోతో రేట్లు పెంచారు, అదే నెల 25న ‘ఆర్ఆర్ఆర్’ వచ్చింది. ఒకే హాల్, అదే కుర్చీ, ఏడాది తేడాలో ఎన్నో రెట్లు. అప్పుడొచ్చిన సినిమాకూ ఇప్పుడొచ్చిన సినిమాకూ గ్రాస్ పక్కపక్కన పెట్టి ఏది పెద్దది అంటే, అడుగుల్లో కొలిచిన గోడను మీటర్లలో కొలిచిన గోడతో పోల్చినట్టు.

మొదటి మూడు రోజులు చూసి తీర్పు చెప్పే వాళ్ళకు నేను ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ గుర్తు చేస్తాను. 1990 మే 9. అప్పటికి అది చాలా పెద్ద ఖర్చు సినిమా. అదే రోజు కోస్తా మీద పెద్ద తుఫాను. రోడ్లు లేవు, కరెంటు లేదు, హాళ్ళలోకి నీళ్ళు. ఇప్పటి పద్ధతిలో అయితే ఆదివారం రాత్రికే డిజాస్టర్ అని పెట్టేసేవాళ్ళు. నీళ్ళు తగ్గాక జనం బురదలో నడుచుకుంటూ వచ్చి దాన్ని నిలబెట్టారు. ప్రింట్లు తక్కువ ఉండటం, నిదానంగా ఆడే అలవాటు ఉండటం వల్లే అది బతికింది. ఆ ఓపిక ఇప్పుడు హాళ్ళకూ లేదు, మనకూ లేదు.

ఇంకో వైపు, సినిమా హాల్‌కు రాకముందే నిర్మాతకు డబ్బు వచ్చేసే కాలం ఇది. శాటిలైట్, ఓటీటీ, హిందీ డబ్బింగ్ హక్కులు అన్నీ కలిపి. అలాంటప్పుడు నిర్మాత నవ్వుతుంటాడు, సీడెడ్‌లో కొన్నవాడు ఏడుస్తుంటాడు. తమిళంలో 2002లో ‘బాబా’ నష్టపోతే రజనీకాంత్ కొన్నవాళ్ళకు డబ్బు తిరిగి ఇచ్చాడు. ఇప్పటికీ ఆ మాట చెప్పుకుంటున్నారు అంటేనే అలాంటివి ఎంత తక్కువో తెలుస్తుంది. 2010 నాటి ‘ఆరెంజ్’ ఉంది. నాగబాబు గారు ఆ సినిమాతో ఎంత దెబ్బతిన్నారో ఆయనే చాలాసార్లు చెప్పారు. 2023లో మళ్ళీ రిలీజ్ చేస్తే కుర్రాళ్ళు పాటలకు గొంతు చించుకుని పాడారు. హిట్టే అనండి, కాదనను. కానీ 2010లో తెచ్చిన అప్పు 2023 దాకా ఆగుతుందా?

మన విదేశాల వాళ్ళ సంగతి. 2014 సంక్రాంతికి ‘1 నేనొక్కడినే’ మన దగ్గర పోయింది, అమెరికాలో పది లక్షల డాలర్లు దాటింది. అప్పటి నుంచి డాలర్ లెక్కకు విలువ పెరిగింది. ప్రీమియర్లు, మిలియన్ క్లబ్బులు. గల్ఫ్ అంకె మాత్రం పోస్టర్ల మీద తక్కువగా కనిపిస్తుంది, ఓవర్సీస్ అన్న మూటలో కలిసిపోతుంది. ఇక్కడ కొత్త సినిమా టికెట్ ముప్పై అయిదు, నలభై దిర్హాములు. క్యాంపులో హెల్పర్ తమ్ముడికి అది ఒక రోజు కూలి. క్యాంపు నుంచి సిటీకి బస్సు, మళ్ళీ రాత్రి వెనక్కి టాక్సీ నలుగురు పంచుకుని. ఆ తమ్ముడు ఇంటికి వచ్చి "మస్తుందన్నా" అన్నాడా, "పైసలు దండుగ" అన్నాడా అన్నది కూడా ఒక లెక్కే. కాకపోతే ఆ లెక్కకు పోస్టర్ వేసేవాళ్ళు లేరు.

నేను ‘సాహో’ చూశాను. నా నలభై దిర్హాములకు ఫ్లాపే. బైకుల సీన్ బాగుంది.

మా మామ పదేళ్ళ కింద పోయాడు. టాకీసు ఇప్పుడు ఫంక్షన్ హాల్. పోయిన నెల మామ కొడుకు సామాన్ల గది ఖాళీ చేస్తూ ఫోటో పంపాడు. అభిమాన సంఘం వాళ్ళు ఇచ్చిన యాభై రోజుల షీల్డు. దాని కింద డీసీఆర్ బుక్కులు నాలుగు, చెదలు పట్టినవి రెండు. "బావా, ఇవి పారేయాల్నా?" అని అడిగాడు. షీల్డు నీ ఇష్టం, బుక్కులు మాత్రం ముట్టుకోవద్దని చెప్పాను.

మీ ఇళ్ళలో, మీ బంధువుల్లో ఎవరికైనా పాత టాకీసు ఉండి ఉంటే, ప్రొజెక్టర్ ఆపరేటర్‌గానో గేటు దగ్గరో పని చేసినవాళ్ళు ఉంటే, ఇలాంటి బుక్కులు ఎక్కడో ఒకచోట ఉంటాయి. ఫోటో తీసి ఎపిసోడ్ తమ్ముళ్ళకు పంపండి. సినిమా పేరు, హీరో పేరు చెరిపేసినా సరే. నేను మా మామ బుక్కులో యాభయ్యో రోజు పేజీ అలాగే పంపాను. మ్యాట్నీ 38, ఫస్ట్ షో 212, సెకండ్ షో 27.